రెండు ప్రోటాన్లు గుద్దుకుంటే అందులో ఉష్ణోగ్రత ఎక్కడి నుంచి వచ్చింది?

గుంటూరు_ఎమ్మెస్సీ | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. వచ్చే నెల సెమినార్‌కి నాకు పడిన టాపిక్: ప్రోటాన్లు అధిక శక్తితో ఢీకొన్నప్పుడు పుట్టే కణాల ఉష్ణ ధర్మాలు. వారం రోజులుగా చదువుతున్నాను కానీ ఒక్కచోట బండి ముందుకు కదలడం లేదు.

సెర్న్ అనే కణ భౌతిక పరిశోధన కేంద్రంలోని ఎల్‌హెచ్‌సీ యంత్రంలో 13 టీఈవీ దగ్గర ప్రోటాన్లని ఢీకొట్టించారు (టీఈవీ, జీఈవీ, ఎంఈవీ శక్తి కొలతలు; ఒక టీఈవీ వెయ్యి జీఈవీలు, ఒక జీఈవీ వెయ్యి ఎంఈవీలు). పక్కకి, అంటే ప్రోటాన్ల పుంజం వచ్చే దారికి అడ్డంగా వచ్చే చార్జి కణాలు చూస్తే ఒక్కో యూనిట్ సూడోరాపిడిటీకి (కణం పుంజంతో చేసే కోణాన్ని చెప్పే అంకె) సగటున ఐదారే ఉంటాయి. ఈ ఐదారు కణాలకి "ఉష్ణోగ్రత సుమారు 160 ఎంఈవీ" అని రాస్తున్నారు. ఈ రంగంలో ఉష్ణోగ్రతని శక్తి కొలతలోనే రాస్తారు, కెల్విన్‌లోకి మారిస్తే 1 లక్షా 85 వేల కోట్ల డిగ్రీలు. సూర్యుడి నడిబొడ్డు వేడి కోటిన్నర డిగ్రీలే కదా, దానికి లక్ష రెట్ల పైన.

డిగ్రీ చదివేటప్పుడు మాకు చెప్పింది వేరు. ఉష్ణోగ్రత అనాలంటే లెక్కలేనన్ని అణువులు ఉండాలి, అవి ఒకదాన్నొకటి తాకుతూ సమతాస్థితికి రావాలి. ఇక్కడ కాంతి ప్రోటాన్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి దాటడానికి పట్టే టైమే సుమారు 10 టు ది పవర్ మైనస్ 23 సెకన్లలో సగం. అంత తక్కువ సేపట్లో ఎవరు ఎవరిని తాకారు, ఎప్పుడు సర్దుకున్నారు? సెమినార్‌లో ఈ ప్రశ్న వస్తే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

ఇబ్రహీంపట్నం_ఇంజనీర్ | శనివారం రాత్రి 9:50

అమ్మాయ్, నీ అనుమానం నూటికి నూరు పాళ్లు సబబు. మన బెజవాడ వాళ్లకి థర్మల్ అనగానే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనే గుర్తొస్తుంది. నేను 31 ఏళ్లు బాయిలర్ల దగ్గర పనిచేసినవాణ్ణి. టర్బైన్‌లోకి వెళ్లే ఆవిరి 540 డిగ్రీల దగ్గర ఉండాలి. అది ఉందో లేదో తెలియాలంటే థర్మోకపుల్ పెడతాం, అది ఆవిరితో సమానంగా వేడెక్కేదాకా ఆగుతాం, అప్పుడు చదువుతాం. ఆగకుండా చదివిన రీడింగ్‌ని మేం రీడింగ్ అనేవాళ్లం కాదు.

రెండు ప్రోటాన్ల మధ్యలో థర్మోకపుల్ ఎవరు పెట్టారు? వేగంగా పోయే కణాన్ని వేడి కణం అనేస్తే, రైఫిల్ గుండుకి కూడా ఉష్ణోగ్రత కట్టాల్సి వస్తుంది. గుండు గదిలోని గాలి అంత చల్లగా ఉండి కూడా వేగంగా పోగలదు. వేగం వేరు, వేడి వేరు. ఇది తేలేదాకా నేను ఒప్పుకోను.

సత్యనారాయణపురం_మాస్టారు | శనివారం రాత్రి 10:31

ఇంజనీరు గారు మంచి మాట పట్టుకున్నారు. ఒక్క కణం వేగానికి ఉష్ణోగ్రత లేదు. గుండంతా ఒకే వైపు ఒకే వేగంతో పోతుంది, అందులో పంపకం లేదు. ఉష్ణోగ్రత ఉండేది పంపకంలోనే. మొత్తం శక్తి ఇంత ఉంటే, అందులో ఎక్కువ వాటా ఎందరికి, తక్కువ వాటా ఎందరికి అన్నది ఒక ప్రత్యేకమైన తీరులో ఉంటే, ఆ తీరుని చెప్పే ఒకే ఒక్క అంకె పేరు ఉష్ణోగ్రత. ఆ తీరు ఏమిటంటే, శక్తి ఒక మెట్టు పెరిగిన కొద్దీ ఆ శక్తి ఉన్నవాళ్ల సంఖ్య ప్రతిసారీ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. దీన్నే బోల్ట్జ్‌మన్ పంపకం అంటాం. సెమీ లాగ్ కాగితం (నిలువు వైపు ఒక్కో మెట్టూ పది రెట్లు పెరిగే గ్రాఫు కాగితం) మీద గీస్తే వంపు లేని తిన్నని గీత వస్తుంది. గీత ఎంత నిట్టనిలువుగా దిగితే అంత చల్లన, ఎంత పడుకుంటే అంత వేడి.

తల్లీ, ఐదారు కణాలే అని భయపడకు. ఒక్క తాకిడిలో ఐదారే. కానీ అలాంటి తాకిడులు కోట్లకు కోట్లు నమోదు చేసి, అన్నిటి కణాలూ కలిపి ఒకే పటం మీద పెడతారు. స్టాటిస్టికల్ మెకానిక్స్‌లో ఎన్సెంబుల్, అంటే ఒకే వ్యవస్థకి లెక్కలేనన్ని నకళ్లు, అని చదువుకున్నావు చూడు, అదే ఇది. పుస్తకంలో ఊహగా ఉండేది అక్కడ నిజంగా జరుగుతుంది.

ఆ పటం మీద మొదటి భాగం ఆ తిన్నని గీతకి దగ్గరగా వస్తుంది. అందుకే ఉష్ణోగ్రత అనే మాట అక్కడికి చేరింది. ఆ గీత ఎందుకు వచ్చింది అన్నదే అసలు ప్రశ్న. నువ్వు అడిగింది అదే.

ఏడో_తరగతి_టీచర్ | ఆదివారం ఉదయం 7:05

మాస్టారూ, నమస్కారమండీ. కొత్తపేటలో ఉంటాను, గవర్నమెంటు స్కూల్లో సైన్స్ చెప్తాను. మీ "పంపకం" అన్న మాట చదివాక మా పిల్లల చేత ఆడించిన ఆట ఒకటి గుర్తొచ్చింది, ఇక్కడ పనికొస్తుందేమో చూడండి.

నలభై మంది పిల్లలకి తలా 5 చింతపిక్కలు ఇచ్చాను. క్లాసంతా తిరుగుతూ ఎవరు ఎదురైతే వాళ్లతో సరి–బేసి ఆడాలి, ఓడినవాళ్లు ఒక్క పిక్క ఇవ్వాలి. చేతిలో ఏమీ లేనివాళ్లు ఓడితే ఇవ్వక్కర్లేదు, కానీ ఆడుతూనే ఉండాలి. రెండు పీరియడ్లు కలిపి ఆడించాను. అందరూ సమానంగా మొదలుపెట్టారు కాబట్టి చివరికి కూడా అందరికీ నాలుగైదు దగ్గరే ఉంటాయనుకున్నారు పిల్లలు. తీరా లెక్కపెడితే చేతిలో ఒక్క పిక్కా లేనివాళ్లు ఏడుగురు! ఒకటీ రెండూ ఉన్నవాళ్లు ఇంకో పదిమంది. ఒక అమ్మాయి దగ్గర మాత్రం 17. దోసిట్లో పట్టక గౌను జేబులో వేసుకుంది. ఎవరూ మోసం చేయలేదు, ఎవరికీ ప్రత్యేకంగా నైపుణ్యం లేదు. పిల్లలు చాలాసేపు నమ్మలేదు.

బోర్డు మీద గీస్తే మాస్టారు చెప్పినట్టే మెట్లు మెట్లుగా తగ్గింది. అణువుల మధ్య జరిగేది ఇదేనని చెప్పాను. కానీ నా పిల్లలకి రెండు పీరియడ్లు పట్టింది. ప్రోటాన్లకి అంత టైమ్ లేదంటున్నారు కదా?

ఇబ్రహీంపట్నం_ఇంజనీర్ | ఆదివారం ఉదయం 8:20

టీచరమ్మా, మీ ఆట బ్రహ్మాండంగా ఉంది. మీరు చివర్లో అడిగిందే నా అభ్యంతరం కూడా. ఆట ఆడకపోతే ఆ పంపకం రాదు. ప్రోటాన్లు ఆట ఆడలేదు.

బెజవాడ_కణాలు | ఆదివారం ఉదయం 11:44

నేను కృష్ణలంకలో పుట్టి పెరిగాను, ఇప్పుడు ఉండేది దూరం. భార అయాన్ల (సీసం లాంటి బరువైన పరమాణు కేంద్రకాల) తాకిడుల మీదే పీహెచ్‌డీ చేశాను. ఈ థ్రెడ్ మా అక్క పంపింది. చదవగానే రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే చింతపిక్కలతోనే దీనికి జవాబు చెప్పొచ్చు.

టీచర్ గారూ, ఈసారి ఆట వద్దు. ఒక సంచిలో 200 చింతపిక్కలు, 39 అగ్గిపుల్లలు వేసి బాగా కలపండి. చూడకుండా ఒక్కొక్కటే తీసి నేల మీద వరసగా పేర్చండి. మొదటి పుల్లకి ముందున్న పిక్కలు మొదటి పిల్లవాడివి, మొదటి పుల్లకీ రెండో పుల్లకీ మధ్యవి రెండో పిల్లవాడివి, అలా నలభై మందికీ వాటాలు వస్తాయి. పక్కపక్కనే రెండు పుల్లలు పడితే ఆ పిల్లవాడికి సున్నా. ఇలా వచ్చిన పంపకం, మీరు రెండు పీరియడ్లు ఆడించి తెచ్చిన పంపకం ఒకే రకం. చేతిలో ఏమీ లేనివాళ్లు లెక్క ప్రకారం సగటున ఆరున్నర మంది. మీకు ఏడుగురు వచ్చారు.

ఇక్కడ ఎవరూ ఎవరితోనూ ఆడలేదు. సాధ్యమైన పంపకాలన్నిటికీ సమాన అవకాశం ఇచ్చాం, అంతే. 1950లో ఎన్రికో ఫెర్మీ సరిగ్గా ఈ ఊహతోనే మొదలుపెట్టాడు. రెండు కణాలు ఢీకొన్న చోట శక్తి ఒక చిన్న పరిమాణంలో పోగుపడుతుంది. అక్కడి నుంచి సాధ్యమైన అంత్య స్థితులన్నీ (చివరికి ఏ కణాలు, ఎంతెంత శక్తితో అన్న కూర్పులన్నీ) వాటివాటి అవకాశాల నిష్పత్తిలో పుట్టుకొస్తాయి. అలా అయితే కణాలు పుట్టాక సర్దుకోవాల్సిన పని లేదు, సర్దుకున్న పంపకంతోనే పుడతాయి.

ఇబ్రహీంపట్నం_ఇంజనీర్ | ఆదివారం మధ్యాహ్నం 12:10

పుల్లలు ఎందుకు నాయనా? 200 పిక్కలూ నలభై మంది మధ్య కళ్లు మూసుకుని ఒక్కొక్కటే విసిరినా అదే వస్తుంది కదా?

సత్యనారాయణపురం_మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 12:38

రాదండీ. విసిరితే వచ్చేది పాయిజాన్ పంపకం. అందులో చాలామంది ఐదు చుట్టూ ఉంటారు, నలభై మందిలో సున్నా వచ్చినవాడు ఒకడు కూడా ఉండకపోవచ్చు. ఎందుకంటే విసిరినప్పుడు ప్రతి పిక్కనీ విడిగా గుర్తుపట్టగలిగే వస్తువుగా లెక్కిస్తున్నాం. శక్తి అలాంటిది కాదు. ఈ ఎంఈవీ నాది, ఆ ఎంఈవీ నీది అని గుర్తు పెట్టలేం. ఎవరి దగ్గర ఎంత ఉంది అన్నదే లెక్కలోకి వస్తుంది. కుర్రవాడు పుల్లలు పెట్టింది అందుకే. ఈ తేడా చెప్పడానికి నాకు క్లాసులో వారం పట్టేది, చాలా సంతోషంగా ఉంది.

యార్డు_అబ్బాయి | ఆదివారం మధ్యాహ్నం 3:15

నేను ఫిజిక్స్ వాణ్ణి కాదు, బీకాం. గుంటూరు మిర్చి యార్డులో మా నాన్నది కమీషన్ కొట్టు. పొద్దుటి నుంచి చదువుతున్నా. థర్మామీటర్ పెట్టకుండా వేడి ఎలా చెప్తారు అన్న దానికి మా దగ్గర ఒక పోలిక ఉంది.

టిక్కీ (మిర్చి బస్తా) విప్పి గుప్పెడు కాయలు తీస్తాం. మొదట చూసేది తాలు ఎంత ఉందని. ఎర్ర కాయ ఎంత, తెల్లబారిన తాలు కాయ ఎంత. ఆ పాళ్లు చూడగానే కల్లంలో ఆరబెట్టినప్పుడు ఏం జరిగిందో నాన్న చెప్పేస్తాడు, వాన పడిందా, మంచు తగిలిందా అని. ఆయన ఆ కల్లం ఎప్పుడూ చూడలేదు. రెండోది తేమ. కాయ చెవి దగ్గర ఊపితే లోపల గింజలు గలగలమనాలి, విరిస్తే టప్పున విరగాలి. తాలు పాళ్లు కల్లంలోనే ఖాయం అయిపోతాయి, తర్వాత మారవు. తేమ మాత్రం లారీలో, యార్డులో, కోల్డ్ స్టోరేజీలో మారుతూనే ఉంటుంది. ఒకే కాయ, రెండు వేర్వేరు సమయాల సంగతి చెప్తుంది. మీ కణాలకి కూడా ఇలాంటిదేమైనా ఉందా?

బెజవాడ_కణాలు | ఆదివారం సాయంత్రం 5:02

తమ్ముడూ, ఉంది. అదీ ఇంత చక్కగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

మీ తాలు పాళ్లకి మా దగ్గర పేరు కెమికల్ ఫ్రీజవుట్. తాకిడిలో పుట్టే కణాల్లో తేలికైన పయాన్లు ఎన్ని, వాటికన్నా బరువైన కేయాన్లు ఎన్ని, ఇంకా బరువైన ప్రోటాన్లు ఎన్ని అన్న పాళ్లు ఖాయమైపోయే క్షణం అది. బరువైన కణం పుట్టించడానికి ఎక్కువ శక్తి కావాలి, కాబట్టి ఉష్ణోగ్రత తక్కువైతే బరువైనవి బాగా అరుదు. పాళ్లు చూసి ఆ క్షణపు ఉష్ణోగ్రత చెప్తాం. ఎల్‌హెచ్‌సీలో సీసం అయాన్ల తాకిడుల్లో అది సుమారు 156 ఎంఈవీ. క్వార్కులు హాడ్రాన్లుగా (ప్రోటాన్, పయాన్ లాంటి క్వార్కుల కూర్పులుగా) మారే ఉష్ణోగ్రత ఎంత అని ప్రయోగం జోలికి పోకుండా లాటిస్ మీద, అంటే స్థలకాలాన్ని గళ్లుగా విడగొట్టి, కంప్యూటర్‌తో లెక్కగడితే 156.5 వచ్చింది. రెండు దారులూ ఒకేచోట కలవడం మా రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం.

మీ తేమకి మా పేరు కైనెటిక్ ఫ్రీజవుట్. పాళ్లు ఖాయమయ్యాక కూడా కణాలు ఒకదాన్నొకటి తాకుతూ వేగాలు మార్చుకుంటాయి. ఆ తాకిళ్లు ఆగిపోయిన క్షణపు సంగతి వేగాల పటం చెప్తుంది. సీసం తాకిడుల్లో ఈ రెండో ఉష్ణోగ్రత 100 ఎంఈవీ దగ్గరికి దిగుతుంది. ప్రోటాన్ తాకిడుల్లో అంత దిగుడు కనిపించదు. పుట్టిన చోటు చిన్నది, కణాలు వెంటనే బయటపడిపోతాయి, తేమ మారడానికి దారి దూరం లేదు.

గుంటూరు_ఎమ్మెస్సీ | ఆదివారం రాత్రి 8:47

అన్నయ్యా, మీరు చెప్పాక పాళ్ల లెక్క నేనే చేసి చూశాను. పైథాన్‌లో మాడిఫైడ్ బెసెల్ ఫంక్షన్ ఉంది కదా, ఒక ఉష్ణోగ్రత దగ్గర ఏ ద్రవ్యరాశి కణాలు ఎన్ని ఉంటాయో చెప్పే సూత్రంలో వచ్చేది, దానితో. ఉష్ణోగ్రత 160 ఎంఈవీ అనుకున్నాను. ఎంఈవీల్లో పయాన్ ద్రవ్యరాశి 140, కేయాన్ 494, ప్రోటాన్ 938. ప్రోటాన్‌కి స్పిన్ స్థితులు రెండు. నాకు వచ్చింది: 100 పయాన్లకి 31 కేయాన్లు, 8 ప్రోటాన్లు. కానీ ఎల్‌హెచ్‌సీలోని ఆలిస్ ప్రయోగం వాళ్లు కొలిచింది కేయాన్లు 13, ప్రోటాన్లు ఐదారు. ప్రోటాన్ల సంగతి పర్లేదు, కేయాన్లు రెండు రెట్ల కన్నా ఎక్కువ తేడా. రెండు గంటల నుంచి తప్పు వెతుకుతున్నాను, దొరకడం లేదు.

బెజవాడ_కణాలు | ఆదివారం రాత్రి 10:20

లెక్కలో తప్పు లేదమ్మా. లెక్కలోకి రానివాళ్లు ఉన్నారు.

మొదటిది, డిటెక్టర్‌కి చేరే పయాన్లలో పెద్ద భాగం నేరుగా పుట్టినవి కావు. రో మీసాన్ పుట్టి వెంటనే రెండు పయాన్లుగా విడిపోతుంది, ఒమేగా మీసాన్ ఎక్కువసార్లు మూడు పయాన్లుగా, డెల్టా ఒక ప్రోటానో న్యూట్రానో ఇచ్చి ఒక పయాన్ కూడా ఇస్తుంది. ఇలా పుట్టిన వెంటనే విడిపోయే కణాల్ని రెజొనెన్సులు అంటాం, అవి వందల రకాలు. ఇవన్నీ కలిపితే నీ పాళ్లలో పయాన్ల లెక్క బాగా పెరుగుతుంది, మిగతావాటి శాతం పడిపోతుంది. పయాన్ బోసాన్ (ఒకే స్థితిలో ఎన్నైనా ఉండగల కణం) కాబట్టి బోస్ పంపకం వాడితే ఇంకో పది శాతం పెరుగుతుంది, అది చిన్న సవరణ.

రెండోది ఇంకా ఆసక్తికరం. కేయాన్‌లో స్ట్రేంజ్ క్వార్క్ ఉంది. స్ట్రేంజ్ క్వార్క్ ఎప్పుడూ ఒంటరిగా పుట్టదు, తన ప్రతికణంతో జంటగానే పుడుతుంది. యార్డు తమ్ముడికి అర్థమయ్యేలా చెప్తాను. చిన్న కొట్టులో ఒక్కటే పద్దు. అందులో అప్పు, జమ అక్కడే, అప్పుడే సరిపోవాలి. పెద్ద యార్డులో అయితే ఒక కొట్టు అప్పుకి ఇంకో కొట్టు జమ సరిపెడుతుంది, మొత్తం లెక్క తేలితే చాలు. ప్రోటాన్ తాకిడి చిన్న కొట్టు. ప్రతి స్ట్రేంజ్ క్వార్కుకీ అంత చిన్న చోటులోనే జత దొరకాలి కాబట్టి అవి పుట్టడం తగ్గుతుంది. సీసం తాకిడి పెద్ద యార్డు, అక్కడ ఈ ఇబ్బంది దాదాపు ఉండదు. దీన్ని కెనానికల్ సప్రెషన్ అంటారు.

2017లో నేచర్ ఫిజిక్స్‌లో ఆలిస్ బృందం ప్రచురించిన ఫలితం తప్పకుండా నీ సెమినార్‌లో పెట్టు. ప్రోటాన్ తాకిడుల్లోనే తక్కువ కణాలు పుట్టినవీ, ఎక్కువ కణాలు పుట్టినవీ వేరుచేసి చూశారు. కణాలు ఎక్కువయ్యే కొద్దీ పయాన్లతో పోల్చితే స్ట్రేంజ్ కణాలు పెరిగాయి. ఒక స్ట్రేంజ్ క్వార్కు ఉన్నవి కొంచెం, రెండు ఉన్న క్సై ఇంకా ఎక్కువ, మూడు ఉన్న ఒమేగా బేరియాన్ అన్నిటికన్నా ఎక్కువ. పైగా ఆ పెరుగుదల సీసం తాకిడుల విలువల వైపు మెల్లగా, తెగకుండా సాగింది. అప్పటిదాకా సీసానికే సొంతం అనుకున్న లక్షణం అది.

ఇబ్రహీంపట్నం_ఇంజనీర్ | సోమవారం ఉదయం 6:30

రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఒకటి అడుగుతాను. ప్రోటాన్ల శక్తి 900 జీఈవీ నుంచి 13 టీఈవీకి పెంచారు, పద్నాలుగు రెట్లు. మరి ఉష్ణోగ్రత కూడా పెరగాలి కదా? అన్నిచోట్లా 150, 160 అనే రాస్తున్నారేం?

సత్యనారాయణపురం_మాస్టారు | సోమవారం ఉదయం 9:15

ఇది మీరే చెప్పగలరు ఇంజనీరు గారూ. మూత లేని గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. మంట రెట్టింపు చేస్తే నీళ్ల ఉష్ణోగ్రత 200 అవుతుందా? కాదు, ఆవిరి రెట్టింపు వస్తుంది. వేడంతా రూపం మార్చడానికే ఖర్చవుతుంది.

1965లో సెర్న్‌లోనే పనిచేసిన రోల్ఫ్ హాగెడార్న్ ఇలాంటి మాటే చెప్పాడు. ద్రవ్యరాశి పెరిగే కొద్దీ హాడ్రాన్ల రకాలు ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరిగిపోతున్నాయి. ఇంకా శక్తి పోస్తే ఉన్న కణాలు వేగంగా పరిగెత్తవు, కొత్త కొత్త రకాల కణాలు పుడతాయి. కాబట్టి ఉష్ణోగ్రతకి ఒక పై హద్దు ఉంటుందన్నాడు. ఆయన లెక్కలో అది 160 ఎంఈవీ దగ్గరే. తర్వాత 1975లో కబిబ్బో, పరిసీ అది హద్దు కాకపోవచ్చు, హాడ్రాన్లు కరిగి క్వార్కులుగా మారే చోటు అయి ఉండవచ్చని అన్నారు. మరిగే చోటు అన్నమాట. దాన్ని దాటితే వేరే పదార్థం. కానీ మనకి చేరే హాడ్రాన్లు మళ్లీ చల్లబడి ఆ చోటు దాటి వచ్చినవే కాబట్టి, ఎంత శక్తితో కొట్టినా వాటి పాళ్లు అదే ఉష్ణోగ్రత చెప్తాయి.

ఇబ్రహీంపట్నం_ఇంజనీర్ | సోమవారం ఉదయం 9:40

ఆవిరి అనగానే తెలిసిపోయింది. సరే, పాళ్ల ఉష్ణోగ్రత ఒప్పుకుంటున్నాను. వేగాల ఉష్ణోగ్రత మీద మాత్రం ఇంకా అనుమానం ఉంది.

బెజవాడ_కణాలు | సోమవారం సాయంత్రం 6:55

ఆ అనుమానం ఉండాల్సిందే, నాక్కూడా ఉంది. వేగాల పటం చదివేటప్పుడు మూడు ప్రమాదాలు ఉన్నాయి, నేను మొదట్లో మూడిట్లోనూ పడ్డాను.

ప్రోటాన్ తాకిడుల్లో 7 టీఈవీ దగ్గర సగటు అడ్డ ద్రవ్యవేగం (పుంజానికి అడ్డంగా ఉన్న ద్రవ్యవేగం) పయాన్లకి సుమారు 0.47 జీఈవీ, కేయాన్లకి 0.77, ప్రోటాన్లకి 0.90. బరువైన కణానికి ఎక్కువ. నిశ్చలంగా ఉన్న వేడి వాయువులో కూడా బరువైనదానికి ద్రవ్యవేగం ఎక్కువే ఉంటుంది, కాబట్టి ఇందులో వింత లేదు. కానీ ఎక్కువ కణాలు పుట్టిన తాకిడుల్లో చూస్తే బరువైనవాటి గీత మరీ ఎక్కువ పడుకుంటుంది. ఎందుకు? మొత్తం పదార్థం బయటికి ఉప్పొంగుతుంటే, అందులో అందరూ ఒకే వేగంతో కొట్టుకుపోతారు. ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశి ఇంటూ వేగం కాబట్టి బరువైనవాడికి ఎక్కువ వాటా. చిన్నప్పుడు మా ఇంటికి రైలు కూత వినిపించేది. కృష్ణా వంతెన మీద నుంచి స్టేషన్ వైపు వచ్చే బండి కూత సన్నగా, దూరంగా పోయేదాని కూత బొంగురుగా. కూత మారలేదు, బండి కదలిక మార్చింది. అలాగే మన వైపు ఉప్పొంగే పదార్థం ఉన్నదానికన్నా వేడిగా కనిపిస్తుంది. గీత వాలు చూసి నేరుగా ఉష్ణోగ్రత రాసేస్తే తప్పు. వాలులో కొంత వేడి, కొంత ప్రవాహం.

రెండో ప్రమాదం తోక. ద్రవ్యవేగం రెండు జీఈవీ దాటాక పటం ఎక్స్‌పొనెన్షియల్‌లా పడిపోదు, నెమ్మదిగా తగ్గుతుంది. అక్కడ కనిపించేవి రెండు క్వార్కులో, వాటిని అతికించే గ్లువాన్లో ముఖాముఖి గట్టిగా గుద్దుకుని వచ్చిన జెట్‌ల (ఒకే వైపు చిమ్మే కణాల గుంపుల) ముక్కలు. వాటికి వేడితో సంబంధం లేదు. మొత్తం పటాన్ని ఒకే సూత్రంతో గీయడానికి 1988లో కాన్‌స్టాంటినో సాలిస్ ప్రతిపాదించిన పంపకం వాడతారు. అందులో ఉష్ణోగ్రతతో పాటు ఇంకో అంకె, క్యూ అని, ఉంటుంది. క్యూ ఒకటి అయితే మామూలు బోల్ట్జ్‌మన్. ఎల్‌హెచ్‌సీ ప్రోటాన్ తాకిడుల్లో అది 1.1కీ 1.15కీ మధ్య వస్తుంది. పటానికి అద్భుతంగా అతుకుతుంది. కానీ అతకడం వేరు, అర్థం కావడం వేరు. ఆ సూత్రంలోంచి వచ్చే ఉష్ణోగ్రత 160 కంటే చాలా తక్కువ, సూత్రాన్ని కొద్దిగా మార్చి రాస్తే ఆ అంకె కూడా మారుతుంది. అమ్మా, సెమినార్‌లో ఎవరైనా "ఉష్ణోగ్రత ఎంత" అని అడిగితే ముందు "ఏ సూత్రంలో ఉష్ణోగ్రత" అని అడుగు.

మూడోది నన్ను చాలాకాలం వేధించింది. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొన్నప్పుడు కూడా కణాల పాళ్లు 160 ఎంఈవీ చుట్టుపక్కల ఉష్ణోగ్రతనే చెప్తాయి. ఎల్‌హెచ్‌సీ ఉన్న 27 కిలోమీటర్ల సొరంగంలోనే అంతకుముందు 2000 దాకా లెప్ అనే యంత్రం ఈ పని చేసింది. అక్కడ ఒక క్వార్కు, ఒక ప్రతిక్వార్కు ఎదురెదురుగా పారిపోతాయి, వాటి మధ్య బలరేఖల తీగ సాగి తెగుతూ కణాలవుతుంది. వేడి ముద్ద లేదు, సర్దుకోవడానికి సమూహం లేదు. అయినా అదే ఉష్ణోగ్రత. కాబట్టి ఉష్ణ పంపకం కనిపించిన ప్రతిచోటా వేడి ద్రవం ఉందని అనడానికి వీల్లేదు.

ఏడో_తరగతి_టీచర్ | సోమవారం రాత్రి 8:10

అంటే పిల్లలు ఆడారా, పుల్లలు పెట్టారా అన్నది చివరి లెక్క చూసి చెప్పలేం. అవునాండీ?

బెజవాడ_కణాలు | సోమవారం రాత్రి 8:31

అవునండీ, ఆ ఒక్క పటం చూసి చెప్పలేం. అందుకే వేరే సాక్ష్యం వెతుకుతారు. ఆటలో అయితే ఎవరు ఎవరి పక్కన తిరిగారో వాళ్ల మధ్య ఏదో పొంతన మిగులుతుంది. 2010లో ఎల్‌హెచ్‌సీలోనే ఇంకో ప్రయోగమైన సీఎంఎస్ బృందం 7 టీఈవీ ప్రోటాన్ తాకిడుల్లో 110కి పైగా చార్జి కణాలు పుట్టినవి ఏరి చూస్తే, పుంజం దిశలో ఒకదానికొకటి చాలా దూరంగా ఉన్న కణాలు కూడా ఒకే కోణం వైపు మొగ్గు చూపాయి. పటంలో కొండ శిఖరం లాంటి గట్టు లేచింది, దానికి రిడ్జ్ అని పేరు. సీసం తాకిడుల్లో ఇదే గట్టుని ప్రవాహానికి గుర్తుగా చూస్తారు. తర్వాత లెప్‌లోని ఆలెఫ్ ప్రయోగపు పాత డేటాని బయటికి తీసి 2019లో మళ్లీ వెతికితే అక్కడ ఆ గట్టు కనపడలేదు. అంటే పాళ్లు రెండుచోట్లా ఒకటే, పొంతన మాత్రం ఆ వెతుకులాటలో ఒకచోటే కనిపించింది.

నా అభిప్రాయం అడిగితే, తక్కువ కణాలు పుట్టే మామూలు ప్రోటాన్ తాకిడుల్లో జరిగేది పుల్లల పద్ధతి. ఎక్కువ కణాలు పుట్టే అరుదైన తాకిడుల్లో కొంతైనా ఆట జరుగుతోంది. దీనికి ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. బలరేఖల తీగలు ఒకదాని మీద ఒకటి పడి నెట్టుకుంటే కూడా గట్టు వస్తుందని వాళ్ల వాదన. ఇంకొందరు ప్రోటాన్ లోపలి క్వాంటం చిక్కుముడినే (ఎంటాంగిల్‌మెంట్) కారణంగా చూపిస్తారు. మొత్తం ప్రోటాన్ ఒకే శుద్ధ స్థితిలో, అంటే పంపకమేమీ లేని ఒకే ఒక్క క్వాంటం స్థితిలో ఉన్నా, తాకిడి అందులో ఒక ముక్కనే చూస్తుంది. ముక్కని మాత్రమే చూస్తే అది ఉష్ణ స్థితిలా కనిపించడం క్వాంటం మెకానిక్స్‌లో మామూలే.

సత్యనారాయణపురం_మాస్టారు | సోమవారం రాత్రి 9:26

అమ్మాయ్, కంప్యూటర్‌లో చేస్తే చేశావు గానీ, ఒక్క పటం చేత్తో గీయి. సెమీ లాగ్ కాగితం కొనుక్కో. ఆలిస్ ప్రచురించిన పయాన్ల పట్టికలో విలువలు అందరికీ అందుబాటులో ఉంటాయి. చుక్కలు పెట్టి, స్కేలు ఆనించి చూడు. ఎక్కడిదాకా స్కేలు అంటుతుందో నీ కంటికే తెలుస్తుంది. ఈ వయసులో కూడా నేను కంటిని నమ్మిన తర్వాతే కంప్యూటర్‌ని నమ్ముతాను.

గుంటూరు_ఎమ్మెస్సీ | బుధవారం రాత్రి 10:58

సర్, గీశాను. బ్రాడీపేటలో నాలుగు షాపులు తిరిగితే ఒక్క పాత షాపులో దొరికింది సెమీ లాగ్ కాగితం, అంచులు పసుపు రంగుకి తిరిగి ఉన్నాయి. పది కాగితాలూ నాకే ఇచ్చేశారు, ఇప్పుడు ఎవరూ అడగడం లేదట.

మొదటిసారి ద్రవ్యవేగం పెట్టి గీస్తే పయాన్, కేయాన్, ప్రోటాన్ గీతలు మూడూ మూడు ఆకారాల్లో వచ్చాయి. తర్వాత అడ్డ ద్రవ్యరాశి (కణం ద్రవ్యరాశినీ అడ్డ ద్రవ్యవేగాన్నీ కలిపి లెక్కగట్టే అంకె) పెట్టి మళ్లీ గీశాను. పయాన్ చుక్కలకి స్కేలు ఆనిస్తే ఒకటి, ఒకటిన్నర జీఈవీ దాకా ఇంచుమించు స్కేలు వెంటే వచ్చాయి. మరీ ఎడమ చివర కొంచెం పైకి ఉన్నాయి, అవి రెజొనెన్సుల నుంచి వచ్చిన పయాన్లేనా అన్నయ్యా? రెండు దాటాక చుక్కలు స్కేలుని వదిలి పైకి లేచిపోయాయి. ఆ వదిలే చోట పెన్సిల్‌తో గుండ్రం చుట్టాను. స్లైడ్ చేయను, ఈ కాగితాన్నే ఫొటో తీసి పెడతాను.

ఇంజనీర్ గారూ, మీ గుండు ప్రశ్నతోనే సెమినార్ మొదలుపెడుతున్నాను, మీకు అభ్యంతరం లేకపోతే.

బెజవాడ_కణాలు | గురువారం ఉదయం 6:12

అవును, ఎడమ చివరవి ఎక్కువగా రెజొనెన్సుల పిల్లలే. ప్రోటాన్ కాగితం కూడా ఫొటో తీసి పెట్టు, దాని ఎడమ చివర పయాన్‌లా పైకి లేవదు, చదునుగా వంగి ఉంటుంది. రెండూ పక్కపక్కన చూపించు.

ఇబ్రహీంపట్నం_ఇంజనీర్ | గురువారం ఉదయం 7:00

అభ్యంతరం ఏముందమ్మా, నాకు ఆనందమే. సెమినార్ ఏ రోజో ఇక్కడ రాయి. మీ కాలేజీ వాళ్లు బయటివాళ్లని రానిస్తే మాస్టారినీ తీసుకుని గుంటూరు వస్తాను. ఆ కాగితాలు మడత పెట్టకు, చుట్టి ఉంచు.

యార్డు_అబ్బాయి | గురువారం ఉదయం 7:22

బస్టాండ్ నుంచి నేను బండి మీద తీసుకెళ్తానండీ. నాన్నకి పద్దు సంగతి చెప్పాను, ఆయన కూడా వింటానంటున్నాడు.